అడుగుల వాటా

మాలకొండమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తుంది. సముద్రపు ఒడ్డు ఊరు కదా, అంతా ఇసకే. చీపురు సగం దాకా వచ్చేసరికి చిన్న చిన్న పాదాల గుర్తులు ఎదురొస్తాయి. “పక్కకి పోవే, ఎండెక్కతా ఉండాది” అంటుంది. గుర్తులు గబగబా వల ఆరేసిన వైపుకి పోతాయి. కాళ్లు కనపడవు, అడుగులు పడతాయంతే. అవి ఆమె మనవరాలు జస్వితవి. జస్విత ఉండేది మాత్రం హైదరాబాదులో, తల్లి దగ్గర.

మాలకొండమ్మ కొడుకు కిషోర్, కోడలు రోజారమణి విడిపోయినప్పుడు కులపెద్దలు ఒడ్డున కూర్చుని అన్నీ పంచారు. పంచడం వాళ్లకి కొత్తేం కాదు. పడవ ఒడ్డుకి రాగానే పడవకింత, వలకింత, మనిషికింత అని చేపల్ని కుప్పలు పోసేవాళ్లే. సెలవులకి పిల్ల వచ్చిపోయే ఖర్చుని కూడా అట్లాగే తేల్చేశారు. రావడం కిషోర్ వాటా, పోవడం రోజారమణి వాటా. ఒకరి కుప్పలో పడింది ఇంకొకరు ముట్టుకోకూడదనేది అక్కడి కట్టుబాటు. బిడ్డ చేపల కుప్ప కాదన్న సంగతి ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఏడేళ్ల జస్విత మొదటి వేసవి సెలవులకి తండ్రి డబ్బుతో వచ్చింది. తల్లి డబ్బుతో వెళ్లిపోయింది. మనిషి వెళ్లింది గానీ, వచ్చిన అడుగులు వెళ్లలేదు. అవి కిషోర్ వాటా.

మరుసటి వేసవిలో చేపల వేట నిషేధం, కిషోర్ చేతిలో రూపాయి లేదు. అది నిజమే. దసరాకి డబ్బుంది, దాంతో కొత్త వల కొన్నాడు. ఆ తర్వాత సాకులు వెతుక్కోవడం కూడా మానేశాడు. సాయంత్రం ఒడ్డున నడుస్తుంటే పక్కనే చిన్న అడుగులు పడుతున్నాయి, ఇక బిడ్డ లేదని ఎందుకనిపిస్తుంది? ఇంత సుఖమైన బిడ్డ ఎవరికి దొరుకుతుంది! అడగదు, అలగదు, జ్వరం తెచ్చుకోదు. ఆరేళ్లు గడిచినా ఆ పాదాలు అంగుళం పెరగలేదు. మాలకొండమ్మ మాత్రం వాటి మీద ఒక కన్నేసి ఉంచేది. అవి పొద్దస్తమానం బస్సులొచ్చే చిట్టమూరు రోడ్డు దాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చేవి.

ఈ ఏడు బడి మూసే ముందు రోజారమణి ఫోన్ చేసింది.

“తిరుగు ప్రయాణానికి నా డబ్బులు ప్రతిసారీ ఎత్తిపెడతానే ఉండా. నువ్వు పిలిస్తే కదా పంపించేది! పిల్ల అడగడం కూడా మానేసినాది. తడికాళ్లతో నడిచినా గచ్చు మీద దాని అచ్చు పడదు, తెలుసా నీకు?”

“ఫోన్ దానికియ్యి” అన్నాడు కిషోర్.

“చెప్పండి నాన్నా” అంది జస్విత. ఎవరో పరాయి పిల్ల మాట్లాడినట్టుంది. తండ్రికి అండి తగిలించడం ఎప్పుడు నేర్చుకుందో అతనికి తెలియదు.

“ఈసారి ఊరికి రా తల్లీ. టికెట్టు తీస్తా.”

“నేనక్కడే ఉన్నాను కదండీ? రోజూ మీతో ఒడ్డుకి వస్తానంట, నాయనమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పిల్లకైతే టికెట్టు కూడా అక్కర్లేదు.”

కిషోర్‌కి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు చొక్కా తొడుక్కుని వాకిట్లోకొచ్చాడు. “రామ్మా, పోదాం” అన్నాడు ఇసక వైపు చూసి.

“దీన్ని కూడా పంపించేస్తే నీకేం మిగులుతాదిరా?” మాలకొండమ్మ ఏడ్చింది.

“ఏమీ మిగలదు లేమ్మా.”

నెల్లూరులో హైదరాబాదు బస్సెక్కాడు. కండక్టర్ అతన్నీ, పక్కన ఖాళీ సీటునీ, దాని ముందు దుమ్ములో పడ్డ రెండు చిన్న పాదాల గుర్తుల్నీ చూశాడు.

“పాపకెన్నేళ్లన్నా?”

“ఏడు” అన్నాడు కిషోర్.

కండక్టర్ అర టికెట్టు కొట్టిచ్చాడు.

హైదరాబాదులో తలుపు తీసింది జస్వితే. తండ్రి భుజం దాకా పెరిగింది. చిన్న అడుగులు గడప దాటి ఆమె ముందుకెళ్లి ఆగాయి. జస్విత వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత తన పెద్ద పాదాలు ఒక్కొక్కటే వాటి మీద పెట్టింది. గుర్తులు ఆమె కింద కనపడకుండా పోయాయి.

ఆమె రెండు చేతులా తండ్రి చొక్కా పట్టుకుని, ఏడేళ్ల పిల్ల గొంతుతో అడిగింది.

“ఇన్నాళ్లూ నన్నెందుకు పిలవలేదు నాన్నా నువ్వు?”

“నువ్వు ఇంట్లోనే ఉండావనుకున్నా తల్లీ” అన్నాడు కిషోర్.