నోరు నొక్కిన తనిఖీ

“వాడి వల్ల అవుతుందా కాదా, ఆ ఒక్క ముక్క చెప్పు,” అన్నాడు అన్నయ్య స్పీకర్లో. “కాకపోతే మూడింటికి వైరు కలిపేస్తా.”

వదిన మరిది వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. కీబోర్డు ముందు కూర్చుంటే ఇల్లు కూలినా తల ఎత్తని రకం.

“అయిపోతోంది అన్నయ్యా,” అన్నాడు. నిన్నటి నుంచీ అదే మాట. అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.

అన్నయ్యకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. అందులోని పాత జపాన్ కంప్రెసర్ మొదలైన కాసేపటికే, లోపల ఒత్తిడి పెరిగిందంటూ రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తోంది. “పాతబడ్డాక స్విచ్‌లన్నీ అబద్ధాలే చెబుతాయి. వైరు కలిపి దాన్ని పక్కకి తప్పించెయ్,” అని నిన్న సలహా పారేసింది ఈ మరిదే. కంప్రెసర్ మొహం కూడా చూడకుండా. వదినే అడ్డం పడి, ముందు దాన్ని తయారు చేసిన ఇంజనీరుని అడుగుదాం అంది.

ఆ ఇంజనీరు జపాన్‌లో ఉన్నాడు. రిటైరయ్యాడు, చెవులు వినపడవు, ఫోన్ కుదరదు. వదిన జపనీస్ అనువాదకురాలు కాబట్టి మెయిల్ రాసింది, నిన్న సాయంత్రమే జవాబూ వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆ పెద్దాయన తన కాలం నాటి మెయిల్ ప్రోగ్రాం వదలడు, దానితోనే ఇంకెవరూ చదవకుండా మెయిల్‌కి తాళం వేసి పంపుతాడు. మామూలుగా పంపమని మళ్లీ రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆ ప్రోగ్రాం ఉన్న వదిన పాత కంప్యూటర్ మొన్ననే కన్ను మూసింది. కొత్త లినక్స్ కంప్యూటర్ మీద సోర్స్ కోడ్ నుంచి దాన్ని మళ్లీ కట్టుకోవాల్సిందే. ఆ పని మరిది నెత్తిన పడింది.

కట్టడం అయింది. తాళం తెరుచుకుంది. తెర నిండా ప్రశ్నార్థకాలు, ఖాళీ డబ్బాలు.

“ఇది జపనీస్ కాదు,” అంది వదిన. “అసలు ఏ భాషా కాదు.”

మరిది ఫాంట్లు మార్చాడు. డబ్బాలు కాస్త లావయ్యాయి, అంతే. గోడ మీద గడియారం చూడకూడదనుకుంటూనే చూశాడు. రెండున్నర దాటింది. చేసేది లేక, నిన్నటి నుంచి తాను కొట్టిన ఆదేశాలన్నీ పైకి జరుపుకుంటూ వెళ్లాడు. ఒకచోట ఆగిపోయాడు.

“ఏమైంది?”

“జపనీస్ అక్షరాలను మార్చే లైబ్రరీ, అంటే దీనికి తోడుండాల్సిన ప్రోగ్రాం, లేదని నిన్న కట్టే ముందు తనిఖీలో మొరాయించింది వదినా. విసుగొచ్చి, లేకుండానే కానిమ్మన్నాను. కిక్కురుమనకుండా కట్టేసింది.”

“లేదని చెప్పిందా? మరి ఉందా?”

“లేదు.”

“అయితే నిజమే చెప్పిందిగా.”

 మరిదికి భయం వేసింది, డబ్బాలను చూసి కాదు, ఆ స్విచ్‌ని తలుచుకుని. ఫోన్ తీసి అన్నయ్యకు కొట్టాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

“నువ్వు ఫోన్ చేస్తూనే ఉండు వదినా,” అని ఫోన్ ఆమె చేతిలో పెట్టి, లైబ్రరీ తెచ్చి పెట్టి, మళ్లీ కట్టాడు. మళ్లీ డబ్బాలే.  అప్పుడు వెలిగింది, నిన్న తప్పుగా కట్టిన ముక్కలు అలాగే ఉన్నాయి, వాటినే మళ్లీ అతికిస్తోంది. అన్నీ తుడిచేసి మొదటి నుంచీ కట్టించాడు. తెర మీద వరసలు నత్తనడక నడుస్తుంటే పక్కన వదిన చేస్తున్న ఫోన్ మోగుతూనే ఉంది.

అక్షరాలు వచ్చాయి. వదిన ముందుకు వంగి, గబగబా తెలుగులో చెప్పింది. “వాయువుని చల్లబరిచే కండెన్సర్‌కి నీళ్లు అందడం లేదు, పైపు చూడండి. ఒత్తిడి నిజంగానే పెరుగుతోంది. స్విచ్‌ని తప్పించి నడిపితే సీలు పగులుతుంది, అమ్మోనియా విషవాయువు గదంతా నిండుతుంది. అక్కడున్న మనిషి తలుపు దాకా కూడా రాలేడు.”

అవతల ఫోన్ ఎత్తారు.

“ఏంటి గోల? వైరు చేతిలోనే ఉంది.”

మరిది ఫోన్ లాక్కున్నాడు. “కలపకు అన్నయ్యా. బయటికొచ్చెయ్. స్విచ్ నిజమే చెబుతోంది.”

“నిన్న నువ్వేగా అబద్ధమన్నావు.”

“తెలియకుండా వాగాను. ముందు బయటికి రా.”

అవతల అడుగుల చప్పుడు, ఇనుప తలుపు కిర్రుమనడం, తర్వాత వీధి రొద.

“వచ్చాను. చెప్పు,” అన్నాడు అన్నయ్య.

మరిది తల ఎత్తి ఫోన్ వదినకు అందించాడు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు వింటూ అన్నయ్య వీధిలో ఏమీ అడక్కుండా నిలబడ్డాడు.