సాంబన్న వెంట నడిచిన పొలం

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో నాగేశ్వర్ సేటు కిరాణా దుకాణం షట్టరు పొద్దున ఎనిమిదికి లేస్తుంది. ఆయన ముందు గడప కడుగుతాడు, అగర్‌బత్తి ముట్టిస్తాడు, ఆ తర్వాత గల్లా ముందు కూర్చొని పేపరు చదువుతూ లోకాన్నంతా తిడతాడు. వెనక అర్రలో బెల్లం డబ్బాలకూ పప్పు బస్తాలకూ నడుమ బల్ల వేసుకొని ఆయన బిడ్డ జ్యోతిర్మయి పని చేసుకుంటుంది. ఇంట్లో ఎక్కడా అందని సిగ్నల్ ఆ బస్తాల నడుమ అందుతుంది. అందుకే ఆమె ఆఫీసు అక్కడ.

ఆ పనేమిటో నాగేశ్వర్‌కు చాలా రోజులు తలకెక్కలేదు.

"వెబ్‌సైట్ల రాసే ఎడిటర్ ఒక్క పెద్ద కాయితం కాదు బాపు. గోడ అనుకో. శీర్షిక ఒక ఇటుక, పేరా ఒక ఇటుక, ఫోటో ఒక ఇటుక. వాటినే బ్లాకులంటరు. కొత్త తీరు ఇటుక గావాల్నంటే దాని అచ్చు ఎవలో ఒకలు జెయ్యాలె. ఆ అచ్చే ప్లగిన్. నేను అచ్చులు జేస్త."

"అంటే ఇటుక బట్టీ."

"అట్లనే అనుకో."

"నాగపూర్ కంపెనీల కొలువంటివి. ఊళ్ళె అందరికి చెప్పుకున్న," అని ఆయన ఆ రోజంతా మొహం ముడుచుకున్నాడు.

వంటల సైటుకు కొలతల బ్లాకు చేసింది జ్యోతిర్మయి. బడుల సైటుకు ప్రశ్నల బ్లాకు చేసింది. మొన్న ఎండాకాలం చేసింది భూమి బ్లాకు. ఏటి గట్టు భూముల రికార్డు తిరగరాస్తున్నారు, అభ్యంతరాలుంటే ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీలో ఊరు, సర్వే నంబరు, హద్దులు, రైతు చెప్పుకునే గోడు, ఇవన్నీ నింపే ఇటుక ఆమెదే.

ఆ శుక్రవారం పదకొండు గంటలకు సాంబన్న దుకాణం ముందుకు వచ్చాడు.

"పొలాన్ని బయటనే ఇడిసి రా సాంబన్నా," అన్నాడు నాగేశ్వర్, పేపరు దించకుండానే. "ఇప్పుడే ఫినాయిల్ వెట్టి తుడిసిన."

సాంబన్న చెప్పులు విడిచాడు. వెనక్కి తిరిగి "ఈడనే ఉండు" అన్నాడు. పొలం మెట్టు కింద ఆగింది.

రెండేళ్ళ కింద ఏటికి అడ్డంగా కట్టిన బ్యారేజీ గేట్లు దించితే నీళ్ళు వెనక్కి తన్ని అతని మూడెకరాలు మునిగాయి. మూడోనాటి నుంచి పొలం అతని వెంట నడుస్తోంది. రెండు చాపలంత మేర, చీలమండ లోతు నీళ్ళు, పొట్టకొచ్చిన వరి, ఒక పక్క ఒడ్డు, ఒడ్డులో ఎండ్రకాయ బొక్క. రేగుంట దిక్కు నుంచి వచ్చే సర్కారు ఎస్టీ బస్సు ఎక్కితే, "పొలాన్ని సీటు కిందికి జరుపు తాతా, ఎక్కెటోళ్ళు జారుతరు" అంటాడు కండక్టరు. పెళ్ళి పందిట్లో దానికీ ఒక మూల చూపిస్తారు. అర్జీలు చూసే సాహెబు సంగతి ఇంకా బాగుంటుంది. ఆయన ప్యాంటు పైకి మడుచుకొని, ఆ పొలాన్ని దాటుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చొని, తడిసిన బూట్లను రుమాలుతో తుడుచుకుంటూ, "నీకు పొలం ఎక్కడుందయ్యా? అది ఏరు" అంటాడు. బూట్లలో నీళ్ళు ఎక్కడివని ఆయనను అడిగినవాడు లేడు.

సాంబన్న వెనకే అతని భార్య ముత్తక్క వచ్చింది. చేతిలోని కాయితాలను జ్యోతిర్మయి బల్ల మీద పడేసింది.

"రెండుసార్లు వెట్టినం బిడ్డా. రెండుసార్లు కొట్టేసిండ్రు. అభ్యంతరం ఏందో మేం రాయలేదట! ఈ మనిషి నోట్లె మాట ఉండదు, నిజమే. గని ఆన్‌లైన్ సెంటర్ల నేను పక్కన కూసోని అచ్చరం అచ్చరం రాయించిన. ఇయ్యాల అయిదు గొట్టంగ బందట. అయిదు దాటితే సాత్‌బారా పహాణీల మా పేరు దీసి ఏరు అని రాస్తరట."

"ఆఖరి దినమా?" అన్నాడు నాగేశ్వర్ ముందు నుంచి. "ఇన్ని దినాలు ఏం జేసిండ్రు?"

"నీ దుకాన్ల ఉప్పు కొన్నం సేటూ," అంది ముత్తక్క. "తిని ఊకున్నం."

జ్యోతిర్మయి కాయితం చూసింది. పైన 'మాననీయ సాహెబ్ గారికి' అని మరాఠీలో ఉంది. కింద సాంబన్న పేరుంది. నడుమ తెల్లగా ఉంది. తలా కాళ్ళూ ఉండి కడుపు లేని అర్జీ. ఆ కడుపు ఉండాల్సిన చోటు ఆమెకు తెలుసు. అది తన ఇటుక చోటు.

ల్యాప్‌టాప్ తెరిచి తను రాసిన కోడ్ చూసింది. అర్జీ పంపేటప్పుడు ఎడిటర్ ప్రతి బ్లాకునూ 'నువ్వు సరిగ్గా ఉన్నావా' అని అడుగుతుంది. జవాబు చెప్పేది ప్లగిన్. లేదని చెబితే ఎడిటర్ ఆ బ్లాకును చప్పుడు చేయకుండా పారేస్తుంది. పైన మాత్రం 'అర్జీ చేరింది' అని పచ్చ గీత వస్తుంది. భూమి బ్లాకు చూసుకునేది ఒక్కటే: సర్వే నంబరు ఆఫీసు జాబితాలో ఉందా? మొదట ఆమె ఒక ఎర్ర గీత పెట్టింది, 'ఈ నంబరు జాబితాలో లేదు, ఊరి పట్వారీ తలాఠీని కలవండి' అని. కంపెనీలో ఆమె మీద ఉండే మయూర్ సార్ ఫోన్ చేసి, "ఎర్రగుంటే జనం బెదురుతరు, తీసెయ్యి, పేజీ సాఫ్‌గ కనవడాలె" అన్నాడు. తీసేసింది. శభాష్ అన్నాడు. ఆ శభాష్ ఆమెకు నెలంతా తియ్యగా ఉండింది.

జాబితాలో లేని నంబర్లు ఎవరివని ఆమె అడగలేదు. ఎవరివి? మునిగిన వాళ్ళవి. మునిగిన నాడే ఆ నంబర్లను జాబితాలోంచి లేపేశారు. మునగని వాడి అర్జీ నిక్షేపంగా పోతుంది. మునిగినవాడు అర్జీ పెడితే, మునిగినందుకే ఆ అర్జీ మునుగుతుంది. ఇంత చక్కటి తలుపు ఏ దొంగా కట్టలేడు. కట్టింది తనే, బెల్లం డబ్బాల నడుమ కూర్చొని, చాయ్ తాగుతూ.

"కాకా," అంది. "మీ మాటను మింగింది నేను జేసిన ఇటుకనే."

ముత్తక్క ఆమె చేతుల వైపు చూసింది.

"గీ చేతులతోటేనా?"

"గీ చేతులతోటే."

"తిట్టుడు తర్వాత తిడత. ముందుగాల సక్కజెయ్యి."

జాబితా చూసే వరుసను తీసేసి కొత్త ప్లగిన్‌ను పైకి ఎక్కించింది. సాంబన్న పేరు కొట్టి, ఊరు కొట్టి, హద్దులు అడిగే లోపలే ఫోన్ మోగింది. మయూర్.

"జ్యోతిర్మయీ, ఏం జేస్తున్నవ్? ఎవలు జెప్పిండ్రు మార్చుమని?"

"మునిగినోళ్ళ అర్జీలు పడిపోతున్నయి సార్. మనమే పడగొడుతున్నం."

"మనం కాదు. జాబితా వాళ్ళది. మనకు ఇచ్చిన పని మనం జేసినం."

"గొడ్డలి నాది కాదు, చెట్టు నాది కాదు, నేను కొట్టిన్నంతే అంటరా?"

"సామెతలు బంద్ జెయ్యి. పాత ప్లగిన్ మళ్ళ ఎక్కించిన. నీ లాగిన్ గూడ తీసేసిన. ఏటి గట్టు మనుషులతోటి కూసుంటే నెత్తికి గూడ నీళ్ళు వడతయి. చంద్రపూర్ల పుట్టిన, నాకు ఎరుకలేదా వీళ్ళు? ఇయ్యాల ఏడుస్తరు, రేపు మర్సిపోతరు."

ఫోన్ స్పీకరు మీదే ఉంది. ముందు గల్లా దగ్గర పేపరు మడత పెట్టిన చప్పుడు వినిపించింది.

జ్యోతిర్మయి అయినా అర్జీ నింపి పంపింది. పచ్చ గీత వచ్చింది. కాయితం తీస్తే మళ్ళీ కడుపు లేదు. ఆమె పిడికిలితో బల్లను గుద్దింది, బెల్లం డబ్బా మూత ఎగిరి పడింది.

"నా చేతుల ఇంకేం లేదు కాకా."

అప్పుడు బయట మెట్టు దగ్గర నీళ్ళు కదిలిన చప్పుడైంది. పొలం గడప ఎక్కింది. ఫినాయిల్ వాసన మీదుగా, బస్తాల సందులోంచి, తన వరి ఆకులను వాటికి రాసుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏయ్, ఆడనే ఉండుమన్న గద!" అన్నాడు సాంబన్న.

"పోనియ్యి," అంది ముత్తక్క. "నువ్వయితే నోరు తెరువకపోతివి. అదన్న తెరుస్తది."

పొలం బల్ల కాలు పట్టుకొని ఎక్కింది. కీబోర్డు మీద నీళ్ళు పడ్డాయి. జ్యోతిర్మయి గుడ్డ అందుకోబోయి ఆగింది. తెర మీద భూమి బ్లాకు ఖాళీ గళ్ళతో తెరిచి ఉంది. పొలం మొదట ఒడ్డును బ్లాకు అంచు గీత వెంట పెట్టుకుంది, తర్వాత మిగతా మేరంతా మెల్లగా లోపలికి సర్దుకుంది, పశువు తన కొట్టంలో పడుకున్నట్టు. చివరికి ఎండ్రకాయ దిగింది. గళ్ళున్న చోట నీళ్ళు, నీళ్ళలో వరి.

"పంపు," అంది ముత్తక్క.

పంపింది. ఎడిటర్ నంబరు అడిగింది. పొలానికి నంబరు లేదు, నంబరు మనిషి పెట్టింది. ఎడిటర్ దాన్ని పారేసింది. సాంబన్న పేరు కింద పొలం మళ్ళీ కనిపించింది. మళ్ళీ పారేసింది. మళ్ళీ వచ్చింది. రెండేళ్ళుగా బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, సాహెబు గదిలో ఎట్లా అతని వెంట నడిచిందో అట్లాగే అతని పేరు వెంట నడిచింది. ఆరోసారికి ఎడిటర్ విసిగి ఊరుకుంది. దుకాణంలోని ప్రింటరు గరగరమని అర్జీ అందినట్టు పావతి, అంటే రసీదు, తీసింది. కాయితం తడిగా ఉంది, నడుమ నిండుగా ఉంది, దుక్కి వాసన వస్తోంది.

ఫోన్ మళ్ళీ మోగింది.

"ఏం జేసినవ్?" మయూర్ గొంతు పలచబడింది. "నేను తీసేస్తున్న, మళ్ళ వస్తున్నది. ఆయన పేరున్న కాడల్ల వస్తున్నది. ఆఫీసుకు పోయే జాబితల గూడ కూసున్నది. పావతి ఇచ్చినంక పేరు ముట్టుకోరాదు. దాన్ని ఎట్ల తీసుడు?"

"మీరు జెప్పుండ్రి సార్. రెండేండ్ల సంది అందరు తీస్తనే ఉన్నరు."

"నీ కొలువు పోయింది, ఎరుకేనా?"

"ఎరుకే," అంది జ్యోతిర్మయి, ఫోన్ పెట్టేసింది.

సాంబన్న లేచాడు. గడప దాటి అలవాటుగా వెనక్కి చూశాడు. నేల పొడిగా ఉంది. రెండేళ్ళలో మొదటిసారి అతని వెనక ఏమీ లేదు. కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"మళ్ళ వస్తదా?"

"పనికి పోయింది," అంది ముత్తక్క. "పని గాంగనే వస్తది. లే."

అతను లేవకముందే ఆమె బస్టాండు దిక్కు నడిచింది. పావతిని జెండాలా పైకి పట్టుకొని, కనిపించిన ప్రతివాడికీ చూపిస్తూ, సాహెబును, గేట్లను, పచ్చ గీతను పేరు పేరునా తిడుతూ నడిచింది.

మూడు గంటలకు దుకాణం ముందు వీధి చిత్తడి అయింది. ఏటి గట్టు రైతు కొండన్న మిరప చేనుతో వచ్చాడు. ఒక ముసలామె పెసర మడితో వచ్చింది. వాళ్ళ వెనక ఇంకో ముప్పై మంది, ఎవరి తడి వాళ్ళ వెంట. ఏళ్ళ నుంచి అలవాటైన మనుషులు గనక, మెట్టు దగ్గర చెప్పులు విడిచి, తమ పొలాలను కూడా అక్కడే నిలబెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డారు. సందు చాలక మిరప చేను పెసర మడి మీదికి ఎక్కింది.

నాగేశ్వర్ గడియారం చూశాడు. తళతళలాడే తన నేలను చూశాడు. వెనక అర్రలో, కొలువు లేని బిడ్డ ల్యాప్‌టాప్ తెరిచి ఎదురు చూస్తోంది. ఆయన ధోవతి ఎగ్గట్టి, పప్పు బస్తాలను ఒక్కొక్కటే లాగి అరల మీదికి ఎక్కించాడు. ఊపిరి అందక గల్లాకు ఆనుకొని, వీధి చివరి దాకా వినబడేటట్టు అరిచాడు.

"ఏం సూస్తున్నరు? రెండే గంటలున్నయి! చెప్పులు బయట ఇడువుండ్రి. పొలాలను లోపలికి తోలుండ్రి!"