నడిమి కాలు

చిన్నకోడలు రోజంతా జనం మీద అరిచే ఉద్యోగం చేస్తుంది. ఎగతాళికి అనడం లేదు, అదే ఆవిడ పని. డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పిస్తుంది. పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, “అద్దం చూడండి, అద్దం! వెనకొచ్చేది లారీ అండీ, మీ మేనమామ కాదు, పోనీలే అని ఆగడానికి!” అని గొంతు చించుకుంటుంది. నెత్తి నెరిసిన పెద్దమనుషులు కూడా స్టీరింగు పట్టుకుని “అలాగే మేడం, అలాగే మేడం” అంటూ చెమటలు కక్కుతారు.

ఆ మనిషే ఇంటికొస్తే బావగారితో ఒక్క ముక్క సూటిగా మాట్లాడడానికి లేదు. అలాగని ఎవరూ ఆవిడ నోటికి తాళం వేయలేదు. పెళ్లయిన కొత్తలో ఒక ఉదయం బావగారు ఆవిడ ఎదురుగానే కూర్చుని, ఆవిడిచ్చిన టీ ఆవిడ ముందే తాగి, పక్కనున్న తమ్ముడితో, “మీ ఆవిణ్ణి చక్కెర తగ్గించమని చెప్పరా” అన్నారు. తమ్ముడు ఇటు తిరిగి, “చక్కెర కొంచెం తగ్గిస్తావా?” అన్నాడు. ఆవిడ నవ్వాపుకుని, “తగ్గిస్తానని చెప్పండి” అంది. ఆరోజు అదొక తమాషా అనుకుంది. ఏళ్లు గడిచినా ఆ తమాషా తీరలేదు. బావగారి మాటలన్నీ తమ్ముడి మీదుగా వస్తాయి, ఆవిడ మాటలన్నీ మొగుడి మీదుగా వెళ్తాయి. మధ్యలో వాటికేమవుతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

ఆ భగవంతుడికీ, ఆవిడ మొగుడికీ. ఆయన పనిచేసేది ఫోన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. అవతలివాడు నిప్పులు కక్కుతూ ఏమన్నా, దాన్ని చల్లార్చి, మెత్తగా చేసి, “వినియోగదారు చిన్న అసౌకర్యం వ్యక్తం చేశారు” అని పైకి పంపడం ఆయన వృత్తి. చెడ్డవాడు కాదు. ఒకరి మనసు కష్టపెట్టే మాట ఆయన నోటివెంట రాదు. తండ్రి పోయాక అన్నయ్యే పెంచి, చదివించి ఇంతవాణ్ణి చేశాడు కాబట్టి, ఆ అన్నయ్య ముందు అసలు రాదు. ఇలాంటివాడు మధ్యవర్తి అయితే ఏ కబురైనా పసలేకుండా పోవలసిందే.

ఆ ఇంట్లో చిన్నకోడలిది అని చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే, చేపల తొట్టి. మంచాలు, బీరువాలు, గోడల రంగు, కర్టెన్ల మీద పువ్వులు అన్నీ ఆవిడ రాకముందే తీర్మానమైపోయాయి. తొట్టి మాత్రం పెళ్లికి ముందు తన సంపాదనతో, తనే ఎంచి కొనుక్కుంది. నాలుగడుగుల పొడవు. దాని కింది చెక్క స్టాండు కూడా తనే బొమ్మ గీసి వడ్రంగి చేత చేయించింది. నాలుగు మూలలా నాలుగు కాళ్లు, ముందువైపు సరిగ్గా నడిమధ్య ఇంకో కాలు. నీళ్లూ గులకరాళ్లూ కలిపితే ముగ్గురు నలుగురు మనుషుల బరువు, మధ్యలో ఆసరా లేకపోతే పట్టె వంగుతుందని పట్టుబట్టి ఆ ఐదోది పెట్టించింది. లోపల నాలుగు బంగారు చేపలు. వాటిలో లావుపాటి దాని పేరు మేనేజరు. ఏ పనీ చేయకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి అన్నీ తనిఖీ చేస్తూ తిరుగుతుంది కనుక ఆ పేరు.

ఇల్లంతా నిద్ర లేవకముందే ఆవిడ తొట్టి ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది. తర్వాత రోజంతా అరవాలి. ఆ కాసేపూ అరవక్కర్లేదు. అది లేకపోతే ఆ ఇంట్లో తనకు కూర్చునే చోటే లేదని ఆవిడకు అప్పుడప్పుడూ అనిపించేది.

స్టాండు ముందు తోడికోడలు ఒక గుడ్డ తెర కట్టింది, కింద పెట్టిన సామాను కనబడకుండా. ఒక ఉదయం మేత వేస్తుంటే ఆ తెర అంచు చిన్నకోడలి కంటబడింది. ఎప్పుడూ నేలకు గోరంత ఎత్తున ఆగే అంచు, ఇవాళ మధ్యలో నేలను తాకుతోంది. రెండు చివర్లా మాత్రం ఎప్పటిలాగే ఉంది. తెర దారం వదులైందేమో అనుకుంది. కానీ తేరిపార చూస్తే తొట్టి కింది పట్టె కూడా మధ్యలో వంగినట్టనిపించి, మనసు కీడు శంకించింది. బయట మొదటి పాఠం వాడు అప్పుడే హారన్ కొడుతున్నాడు.

“ఏవండీ, స్టాండు మధ్యలో వంగినట్టుంది” అంది మొగుడితో. “దాన్ని ఎవరైనా ముట్టుకున్నారేమో మీ అన్నయ్యని అడగండి. ఇవాళే చూడాలి, రేపటిదాకా ఆగే పని కాదు.”

ఆయన హాల్లోకెళ్లి, పేపరు చదువుతున్న అన్నయ్య ముందు కాసేపు నిలబడ్డాడు. “అన్నయ్యా, ఆ స్టాండు సంగతి... మీకెప్పుడైనా వీలున్నప్పుడు ఒకసారి చూస్తే...”

“ఏమైంది దానికి? నిక్షేపంలా ఉంది” అన్నారు బావగారు పేపరు దించకుండా.

ఆయన తిరిగొచ్చి, “అన్నయ్య చూశారట. నిక్షేపంలా ఉందట” అన్నాడు. చూడలేదని ఆవిడకు తెలుసు. రెండు గదుల మధ్య తలుపు తెరిచే ఉంది, ఆ ఇంట్లో ఎవరి మాటైనా అందరికీ వినబడుతుంది. వినబడినా, మోసుకొచ్చిందే లెక్క. చిన్నకోడలు పళ్లు కొరుక్కుంటూ కారెక్కింది.

మధ్యాహ్నం మొగుడు ఫోన్ చేశాడు. ఆవిడ అప్పుడే ఒకాయనకు కారు వెనక్కి నడపడం నేర్పుతోంది.

“ఏం లేదు, తొట్టి దగ్గర కొంచెం తడిగా ఉందని వదిన చెప్పింది. అన్నయ్య చూసుకున్నారు. తొందరేం లేదు, నీ పని చూసుకుని రా.”

తొందరేం లేదన్నాడు కదా అని ఆవిడ మిగతా పాఠాలన్నీ పూర్తిచేసి, చీకటి పడుతుండగా ఇల్లు చేరింది. హాల్లో అడుగుపెట్టగానే పాదాల కింద చాప చిత్తడిగా ఉంది. తొట్టి ముందు అద్దం మీద అడుగు నుంచి పైకి జానెడు మేర సన్నటి బీట. దాని మీద గోధుమరంగు టేపు. అట్టపెట్టెలకు వేసే టేపు! అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, చూసేవాళ్లకు ముద్దొచ్చేంత శ్రద్ధగా అతికించారు. టేపు కిందనుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతూనే ఉన్నాయి. లోపల మేనేజరు ఆ టేపు దగ్గరే తచ్చాడుతోంది.

ఆవిడకు ఒళ్లు భగ్గుమంది. అన్ని బక్కెట్ల నీళ్లు ఒక్క బీట మీద నెట్టుకుంటుంటే, ఆపడానికి టేపా? ఏ క్షణాన ఆ అద్దం విచ్చుకున్నా చేపలూ గాజు పెంకులూ ఇంటినిండా. పొద్దుట్నుంచీ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారు. ఒక్కరు, ఒకే ఒక్కరు ఫోన్ తీసి, “అద్దం పగిలింది, పరిగెత్తుకు రా” అని ఉన్న మాట ఉన్నట్టు చెబితే వాళ్ల సొమ్మేం పోయేది?

కోపం తర్వాత, ముందు చేపలు. నీళ్లు వడకట్టే మోటారు స్విచ్చి కట్టేసింది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి తొట్టి నీళ్లే తోడి, వలతో ఒక్కొక్క చేపనే అందులోకి దించింది. మేనేజరు వలకు చిక్కకుండా మూడు మూలలు తిప్పించి, చివరికి తోకతో ఆవిడ మొహమంతా తడిపి మరీ దిగింది. గాలి గొట్టం తీసి టబ్బులో వేసింది. తర్వాత పైపుతో నీళ్లు లాగి బక్కెట్లలోకి వదిలింది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మొగుడు చెప్పులు విప్పకుండానే బక్కెట్లు బాత్రూములోకి మోయడం మొదలుపెట్టాడు. తోడికోడలు పాత దుప్పట్లు తెచ్చి నేలమీద పరిచింది. బావగారు సోఫాలో కూర్చుని చూస్తున్నారు.

సగం నీళ్లు దిగాక అద్దం టిక్కుమంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బీట ఇంకో రెండు వేళ్లు పైకి పాకి ఆగింది. ఆవిడ పైపును ఇంకా లోతుకు దించింది.

అప్పుడు పలికారు బావగారు, తమ్ముడితో. “చెప్పరా మీ ఆవిడకి. చూసుకోవడం చాతకానప్పుడు ఇలాంటివి పెట్టుకోకూడదు. పొద్దస్తమానం బయట తిరిగితే ఇంట్లో వస్తువులు ఇలాగే తగలడతాయి. ఈ ఆదివారం ఎవరికైనా అమ్మేయమను. ఆ చేపల్ని కూడా.”

మొగుడు బక్కెట్టు దించి ఆవిడ వైపు తిరిగాడు. “అన్నయ్య ఏమంటున్నారంటే... మనం కొన్నాళ్లు, ఏదైనా చిన్నది...”

“విన్నాను లెండి” అంది ఆవిడ. తను చూసుకోలేదట! వారం వారం నీళ్లు మార్చింది తను. రాళ్లు కడిగింది తను. జలుబుతో ముక్కు దిబ్బడేసిన రోజు కూడా అద్దం తుడిచింది తను. పొద్దున్న తెర అంచు చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నదీ తనే. ఇప్పుడు తప్పు తనది, శిక్ష చేపలకి.

నీళ్లన్నీ దిగాయి. ఇక స్టాండు సంగతి చూద్దామని ఆవిడ తెర ఎత్తింది. కింద ఇంత పెద్ద అట్టపెట్టె, అడుగు నాని మెత్తబడింది. పెట్టె మీద ఒక జత కాళ్ల బొమ్మ. పోయిన వారం బావగారు కొనుక్కున్న యంత్రం. కాళ్లు లోపల పెడితే అదే నొక్కుతుంది.

“మెల్లిగా తియ్యమనరా, కొత్తది!” అని సోఫాలోంచి గావుకేక వచ్చింది.

ఆవిడ మెల్లిగానే తీసింది. తీసి, వంగి చూసింది. నడిమి కాలు లేదు. పై పట్టె నుంచి రెండు వేళ్ల మొండి ముక్క వేలాడుతోంది, నేలమీద ఇంకో రెండు వేళ్ల ముక్క నిలబడి ఉంది. మధ్యలో అంతా ఖాళీ. రంపంతో చక్కగా, తీరిగ్గా కోసిన కోత. పట్టె మధ్యలో కిందికి కుంగి ఉంది. ఆ పెట్టె పట్టడం లేదని కాలు తీసేశారు! ఒకరి కాళ్లు నొక్కించుకోవడానికి ఇంకొకరి స్టాండు కాలు నరికేశారు!

ఆవిడ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. మొగుడి వైపు చూడలేదు. నేరుగా సోఫా ముందుకెళ్లింది.

“బావగారూ, నా స్టాండు కాలు ఎవరు కోశారు?”

ఇన్నేళ్లలో ఆవిడ గొంతు ఆ వైపుకి సూటిగా వెళ్లడం అదే మొదలు. గొంతు కూడా ఇంట్లో వాడేది కాదు, కార్లో వాడేది.

వంటింటి గుమ్మంలో తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ రంపంపొట్టు నేనే ఊడ్చానే” అంది నెమ్మదిగా. “నువ్వు పనిలో ఉన్నావు. సాయంత్రం చెబుదామనుకున్నా. వద్దన్నారు.”

“నువ్వూరుకో!” అన్నారు బావగారు భార్యతో.

“అక్కని అనకండి” అంది చిన్నకోడలు. “నేనడిగింది మిమ్మల్ని. పొద్దున్న నేను కబురు పంపాను, నిక్షేపంలా ఉందన్నారు. కాలు కోసింది మీరే అయ్యుండి ఆ మాటన్నారు. పగిలాక టేపు వేశారు, నాకొక్క ఫోన్ చెయ్యలేదు. పైగా నాకు చాతకాదని అమ్మెయ్యమంటున్నారు. ఈ తొట్టి ఎక్కడికీ పోదు బావగారూ. అద్దం మార్పిస్తాను, కాలు మళ్లీ పెట్టిస్తాను, ఇక్కడే ఉంటుంది. అమ్మితే ఆ పెట్టెను అమ్ముకోండి.”

బావగారి మొహం కందగడ్డలా అయింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. మెడ తిప్పి, తమ్ముణ్ణి చూశారు.

“ఏమంటోందిరా?”

తమ్ముడు రెండు చేతుల్లో రెండు ఖాళీ బక్కెట్లతో గది మధ్యలో ఉన్నాడు. ఆయన నోరు తెరిచాడు. ఇప్పుడేమంటాడో చిన్నకోడలికి కంఠతా వచ్చు. చిన్న అసౌకర్యం అంటాడు. కొంచెం బాధపడుతోంది అంటాడు. వీలున్నప్పుడు అంటాడు. తను అన్నదంతా ఆ నోట్లో నాని, నానిపోయి, మెత్తటి పిప్పయి అటువైపు చేరుతుంది.

ఆయన బక్కెట్లు కింద పెట్టాడు.

“మీ ఎదురుగానే ఉందన్నయ్యా” అన్నాడు. గొంతు పీలగా వచ్చింది, అయినా వచ్చింది. “నేను చెప్పను. మీరే మాట్లాడండి.”

బావగారు తమ్ముడి వైపు చాలాసేపు చూశారు. అక్కడ ఇంకేమీ దొరకలేదు. భార్య వైపు చూశారు, ఆవిడ నేలమీది దుప్పటి పిండుతోంది. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఇంక చూడడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి మరదలి వైపు చూశారు.

“నేనే కోశాను” అన్నారు. “అది బరువు మోస్తోందని నాకు తెలీదు. ఏదో అందానికి పెట్టిందనుకున్నాను.”

“అడిగితే చెప్పేదాన్ని బావగారూ” అంది చిన్నకోడలు. “ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాను.”