రెండో తొట్టి

ఆ పొద్దున మా ఇంట్లో కాఫీ రంగు మీద తగువు మొదలైంది.

మామగారు కప్పును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. "దీన్లో పాలు పోశారా, చూపించి తీసేశారా?"

"మీ బుడ్డది ఇచ్చింది అంతే," అన్నారు అత్తగారు.

"నా బుడ్డదేంటి? ముచ్చటపడింది నువ్వు."

"కళ్ళు బాగున్నాయన్నాను. కొనమన్నానా?"

మా దొడ్లో రెండావులు. దొరసాని పాతది. బుడ్డది ఈమధ్యే వచ్చింది. వచ్చిన కొత్తలో పాలు బాగానే ఇచ్చేది, రానురాను చెంబుకు దిగింది. మేత మార్చాం, దాణా పెంచాం. పశువుల డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. విసిగిపోయి మామగారు బేరగాడికి కబురు పెట్టారు. మర్నాడే తోలుకుపోతాడు. నన్ను చూస్తే చాలు, గడ్డి వదిలేసి కంచె దగ్గరికొచ్చే పిల్ల అది. నాకు మనసొప్పలేదు, కానీ చెప్పడానికి కారణమూ లేదు.

గిన్నెలు తోముతూ కిటికీలోంచి దాన్నే చూస్తున్నాను. మేం ఆవుల్ని కట్టెయ్యం, కంచె లోపల వాటి ఇష్టం. నీళ్ళ తొట్టి గోడ మూలన ఉంటుంది. దొరసాని తాగడం ముగించింది గానీ అక్కడినుంచి కదల్లేదు. తొట్టికి అడ్డంగా నిలబడి తీరిగ్గా నెమరువేస్తోంది. బుడ్డది వచ్చింది, ఆగింది. గోడ నాకడానికే వచ్చినట్టు కాసేపు గోడ నాకి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి దొరసాని తల తిప్పి చూసిందంతే. బుడ్డది వెనక్కి తిరిగింది.

మామగారు రోజూ తొట్టిని అద్దంలా కడిగించేవారు. నీళ్ళు తగ్గుతున్నాయి కదా, రెండూ తాగుతున్నాయనే అనుకున్నాం.

అత్తగారిని పిలిచాను. ఆవిడ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

"కొమ్మయినా విసరలేదే."

"విసరక్కర్లేదత్తయ్యా. చూస్తే చాలు."

ఆవిడ నా వైపు ఓరగా చూశారు. "ఎవర్ని అంటున్నావు?"

"ఆవునే అత్తయ్యా."

ఆవిడ వెళ్ళి బట్టలు నానబెట్టే టబ్బు బోర్లించారు. సబ్బు వాసన పోయేదాకా ఇద్దరం కడిగి, పాక అవతలి చివర పెట్టి నీళ్ళు నింపాం. బుడ్డది మూతి ముంచింది. గుటకలు మాకు వినబడ్డాయి. దొరసాని అటు బయల్దేరేసరికి అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని దారికడ్డంగా నిలబడ్డారు.

"నీది అటుంది. నడువ్."

సాయంత్రం పాలు కొంచెమే పెరిగాయి. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన సంగతంతా విని, "పాపం, దాహంతో మాడ్చామన్నమాట," అన్నారు. మామగారు మెత్తబడలేదు.

"ఒక్కపూట నీళ్ళకే పాలు పొంగుతాయా? అవతల మాట ఇచ్చాను."

"మీరిచ్చారు, నేనివ్వలేదు," అన్నారు అత్తగారు ఆయన పళ్ళెంలో కూర వడ్డిస్తూ. "బేరగాడికి ఫోన్ చేసి రావద్దన్నాను. బుడ్డది ఎక్కడికీ వెళ్ళదు. పాక అవతల రెండో తొట్టి కట్టిస్తున్నాం. అది ఆరేదాకా టబ్బు దానిదే. మీ చొక్కాలు మీరే బకెట్లో నానబెట్టుకోండి."