మద్దిలేటి ఇంటి నీళ్ళు

నాగశేషయ్య చావకూడదని కర్నూలు ఐసీయూలో అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది డాక్టర్ యామిని. జాలి అనుకునేరు, కాదు! ఆమె తండ్రి మద్దిలేటిని పత్తికొండ దారిలో నరికించింది ఈ మహానుభావుడే. కేసు కొట్టేశారు. పగపడ్డ ఇంటి నీళ్ళు తాగితే ఓడిపోయినట్టే వాళ్ళ ఊళ్ళో. "మద్దిలేటి ఇంటి నీళ్ళు ముడితే నేను మొగోన్నే కాదు" అని అప్పట్లో నడివీధిలో మీసం తిప్పాడు. ఆ నీళ్ళే తాగించాలని యామిని పంతం.

మెదడులో నరం చిట్లితే ఆపరేషన్ చేసి తలలో గొట్టం వేశారు. ఆ గొట్టం వెంటే సూక్ష్మక్రిమి చొరబడింది. మామూలు క్రిమా అది! ల్యాబ్‌లో ఏ మందు పెట్టి చూసినా చావలేదు. మిగిలింది ఒక్క పాత మందు. నరానికిస్తే మెదడుదాకా సరిగ్గా చేరదు, పైగా కిడ్నీలకు చేటు. గొట్టంలోంచి నేరుగా మెదడులోకే ఎక్కించాలి.

నాగశేషయ్య కొడుకు భూపేష్ యామినికి చేతులు జోడించాడు. "చాలమ్మా, ఇంటికి తీస్కపోతాం. ఊర్లో పానం పోతే మర్యాదగా ఉంటాది."

"యాడికప్పా తీస్కపోయేది? నేనుండా కదా!" అని కసిరింది యామిని.

యామిని తల్లి వరమ్మ ఫోన్లో భగ్గుమంది. "వాన్ని బతికిస్తాండావంట! మీ నాయన నెత్తురు మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు కాబట్టే బతికిస్తాండా. ఊరికే సస్తే తప్పిచ్చుకున్నట్టే కదమ్మా."

రోజూ తన చేత్తోనే మందెక్కించింది. "చావకురా ముసలోడా, నీతో పనుంది" అని పళ్ళు కొరికింది. కొన్నాళ్ళకు జ్వరం దిగింది. నాగశేషయ్య కళ్ళు తెరిచాడు.

ఊపిరికోసం నోట్లో వేసిన గొట్టం తీశాక, మింగగలడో లేదో చెంచాడు నీళ్ళతో చూస్తారు. అది నర్సు పని. యామిని చెంచా లాక్కుని, తమ ఇంటినుంచి సీసాలో తెచ్చిన నీళ్ళు తానే పోసింది. ఆయన గుటక వేశాడు.

"తాగినావా? నేను మద్దిలేటి కూతుర్ని!"

ముసలాయన పెదాలు బిగించాడు. గొంతు దిగిన నీళ్ళు వెనక్కొస్తాయా! కళ్ళెంట నీరు కారింది. అబ్బ, ఎన్నేళ్ళకు యామిని కడుపు చల్లబడింది!

కాసేపటికి ఆయన ఎండిన నాలుక చాచాడు. "ఇంకొంచెం పొయ్యి తల్లీ. దప్పి శానా అయితాండాది."

"ఎవరి నీళ్ళతో లేచినావో ఊర్లో నీ నోటితోనే చెప్పాల!"

"చెప్తాలే. పొయ్యి" అని నోరు తెరిచాడు.

ఏ పంతాన్ని విరవాలని ఇన్నేళ్ళూ ఆమె పగ మోసిందో, దాన్ని ఆయన ఒక్క గుక్కకు వదిలేశాడు. యామినికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తిట్టుకుంటూనే చెంచా నింపింది.