బౌదీలియో వెనక వరుసలు

మా తమ్ముడు బౌదీలియో పోయి పధ్నాలుగు నెలలు. వాడు పేర్చిన కట్టెల దొంతర మాత్రం పెరట్లో కొట్టంలో చెక్కు చెదరకుండా అలాగే ఉంది. అది కళ్ళబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మా దీవిలో ఏ చలికాలం కట్టె ఆ చలికాలానికి కొట్టరు. మాకు జనవరి ఎండాకాలం, జూన్ నడి చలికాలం. ఆ జనవరి ఎండల్లో కొట్టి, చీల్చి, గాలి ఆడేలా పేర్చి పెడితే, అది పై ఏడాది చలికాలానికి పొయ్యిలోకి వస్తుంది. అందుకని మనిషి పోయాక కూడా వాడు కొట్టిన కట్టె ఆ ఇంటికి ఇంకొన్నాళ్ళు వేడినిస్తుంది. మొదటి చలికాలం పాత దొంతరతో గడిచిపోయింది. ఇది రెండోది. వాడు చివరి ఎండాకాలంలో కొట్టిన ఉల్మో చెట్టు కట్టె ఇప్పుడు ఎముకలా ఎండి, నిప్పు కోసం ఎదురు చూస్తోంది.

మా మరదలు ఒర్ఫెలినా దాన్ని ముట్టుకోదు! లారీ వాడి దగ్గర పచ్చి కట్టె కొని తగలేస్తుంది. తగలేస్తుందని మాటే గానీ అది ఎక్కడ తగలడిందీ?

జూన్‌లో ఓ సోమవారం వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో అడుగు పెడితే కళ్ళు భగ్గుమన్నాయి. ఇనప పొయ్యిలో కట్టె సుయ్ సుయ్‌మని ఏడుస్తోంది. పొయ్యి తలుపు తీసి చూస్తే కట్టె కొసల్లోంచి నురగ. గాలి కంత పూర్తిగా మూసేసి ఉంది.

"ఏమే, ఇది వంటిల్లా, చేపలకి పొగ పెట్టే కొట్టమా?" అన్నాను.

"వచ్చీ రాగానే మొదలెట్టావా వదినా. కూర్చో, మాతే టీ కలుపుతాను," అంటూనే దగ్గింది. ఒకసారి కాదు, గుక్క తిప్పుకోకుండా. పొగ తగిలితే ఊపిరితిత్తులు బాగుపడవని ఆస్పత్రిలో నర్సమ్మ నా ముందే చెప్పింది దానికి.

"గాలి కంత ఎందుకు మూశావు?"

"తెరిస్తే కట్టె నిలవదు వదినా. మూస్తే సాయంత్రం దాకా వస్తది."

"రాక ఏం చేస్తది, అది మండితే కదా అయిపోవడానికి! పచ్చి కట్టెకి గాలి కూడా ఆపితే ఆ పొగంతా గొట్టంలో తారులా పేరుకుంటదే. మీ ఆయన ఎన్నిసార్లు చెప్పుంటాడు?"

అది గోడవార నుంచి ఇంకో లారీ కట్టె తెచ్చింది, రెండు చేతులతో పసిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని. నాలుగేళ్ళ కిందట గవ్వలు ఏరడానికి వెళ్ళి రాళ్ళ మీద పడితే ఎడం మణికట్టు విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు. ఆ చేత్తో నిండు చెంబు కూడా ఎత్తలేదు.

నేనిక ఆగలేక కొట్టంలోకి వెళ్ళి ముందు వరుస నుంచి రెండు ఉల్మో కట్టెలు లాగాను. కొసలు పగుళ్ళిచ్చి, బెరడు దానంతట అదే ఊడొస్తోంది. ఒకదానికొకటి కొడితే ఖంగుమంది. లారీ కట్టెలు రెండు తీసి కొట్టాను. తడి గోనె మీద కొట్టినట్టు దబ్‌మన్నాయి.

"విన్నావా? చెవులున్నాయి కదా?"

ఒర్ఫెలినా పరుగున వచ్చి ఆ రెండు కట్టెలూ నా చేతిలోంచి లాక్కుని, ఎక్కడివి అక్కడ పెట్టింది. పెట్టి, వాటి మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇది అయిపోతే ఆయన చేత్తో చేసింది నాకు ఇంకేం మిగులుద్ది వదినా?"

"ఇల్లు మిగులుద్ది! ఇల్లు కట్టింది ఎవరే? గోడలకీ పైకప్పుకీ చెక్క పెంకులు ఒక్కోటీ కొట్టింది వాడు కాదూ? కట్టెల్ని దాచుకుని ఇల్లు తగలబెట్టుకుంటావా?"

మాట కాస్త కటువుగానే వచ్చింది. నా నోరే అంత. దాని మొహం చిన్నబోయింది. నాకూ ప్రాణం ఉసూరుమంది, కానీ వెనక్కి తీసుకోలేదు. వాడు నా తమ్ముడు. అమ్మ పడవ మీద పనికి వెళ్తే వీపున మోసి పెంచినదాన్ని నేను. కట్టెల్ని సమాధిలా చూస్తే నాకు కోపం రాదా?

మర్నాడు నోల్బెర్తోని పట్టుకొచ్చాను. అగ్నిమాపక దళంలో జీతం లేకుండా పని చేస్తాడు. గొట్టాన్ని వేలితో కొట్టి చూశాడు, మోగలేదు. అతని మొహం మారింది.

"అక్కా, లోపల రెండు వేళ్ళ మందం పేరుకుంది. ఒక్క రవ్వ పైకెక్కిందంటే గొట్టం అంటుకుంటది, దాంతో పైకప్పూ అంటుకుంటది. ఈ గాలివానలో కప్పు ఎక్కలేను. శనివారం వచ్చి గీకుతాను. అప్పటి దాకా పొయ్యి ముట్టించకండి."

"మా ఇంటికి రావే," అన్నాను ఒర్ఫెలినాతో. రాలేదు. దాని మొండితనం నాకు తెలుసు. నా మొండితనం దానికీ తెలుసు.

గురువారం మధ్యాహ్నం మిల్కావోలనే బంగాళాదుంప రొట్టెలు వేడివేడిగా గుడ్డలో కట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గరే విన్నాను, లారీ ఇంజనులాంటి హోరు. రోడ్డు మీద లారీ లేదు. గొట్టం మూతిలోంచి మూరెడు మంట!

చలికి తట్టుకోలేక ఒర్ఫెలినా పొయ్యి ముట్టించింది. పచ్చి కట్టె రాజుకోకపోతే ఆపిల్ పెట్టె విరిచి వేసింది. ఆ పలచటి చెక్క ఒక్కసారిగా భగ్గుమని, మంట నేరుగా పైకెక్కింది. నేను లోపలికి వెళ్ళేసరికి గొట్టం సగం దాకా ఎర్రగా కాలి ఉంది.

అందరికీ నీతులు చెప్పేదాన్ని నేను ఏం చేశానంటారా? నీళ్ళ బకెట్ ఎత్తాను, పొయ్యిలో కుమ్మరిద్దామని.

"వద్దు వదినా!" ఒర్ఫెలినా ఆ విరిగిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు పోస్తే ఇనుము పగులుద్ది, ఆవిరి మన మొహాన కొడతది. ఆయన చెప్పాడు."

పొయ్యి తలుపు బిగించి, గాలి కంతలన్నీ మూసి, నన్ను బయటికి తోసింది. నేను వీధి చివరి దాకా అరుచుకుంటూ పరిగెత్తాను. సైరన్ మోగింది. నోల్బెర్తో, ఇంకో నలుగురూ నిచ్చెన వేసి గొట్టం చుట్టూ పెంకులు తడుపుతూ నిలబడ్డారు. వానకి తోడు వాళ్ళ నీళ్ళు. ఒర్ఫెలినా పెరట్లో తడుస్తూ, ఇంటి వంక చూస్తూ, "కప్పు పోనివ్వకు, కప్పు పోనివ్వకు," అనుకుంటోంది. దేవుడితో అంటోందో మా తమ్ముడితోనో నేనడగలేదు.

అరగంటకి హోరు తగ్గింది. గొట్టం చుట్టూ ఏడు పెంకులు మాడాయి. లోపల కప్పు చెక్క ఒకటి బొగ్గయింది. అంతే.

"ఇంకో పది నిమిషాలైతే ఇల్లు లేదు," అన్నాడు నోల్బెర్తో. అతను ఎవర్నీ తిట్టడు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

శనివారం వాన తెరిపిచ్చింది. నోల్బెర్తో రెండు బకెట్ల నల్లటి పెచ్చులు గీకి తీశాడు, కాలిన గొట్టం ముక్క మార్చాడు. "ఇక నుంచి ఎండిన కట్టే, గాలి కంత తెరిచే," అని వేలు చూపించి వెళ్ళాడు. ఒర్ఫెలినా కోటు విప్పకుండా చల్లటి పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది.

"పద వదినా," అని లేచింది.

కొట్టంలో ముందు వరుస నేనే తీశాను. వాడి కట్టెలే, సందేహం లేదు. దుక్కల్లాంటివి. సన్నగా చీల్చేవాళ్ళని చూస్తే వాడికి నవ్వు. "పుల్లలు ఏరుకునే ముసలమ్మలు," అని వెక్కిరించేవాడు. రెండో వరుసా అలాంటిదే. దాన్ని పక్కకి జరిపి, మూడో వరుస మీద చెయ్యి వేసి ఆగిపోయాను.

మూడో వరుసలో అన్నీ సన్నవి. మూరెడు పొడుగు, పిడికిట్లో పట్టేంత లావు. నాలుగోదీ అంతే. ఐదోది. గోడ దాకా, కప్పు దాకా, వెనకంతా అంతే.

"ఇవెవరు కొట్టారు?" అంది ఒర్ఫెలినా.

నాకు జవాబు తెలిసిపోయింది. పోయే ముందు డిసెంబర్‌లో వాడు నడుం నొప్పి అని కాస్త్రో పట్నంలో ఆస్పత్రికి వెళ్ళొచ్చాడు. "ఏం లేదక్కా, వయసు," అన్నాడు. జనవరంతా పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఇక్కడే గొడ్డలి చప్పుడు. "ఒక్క చలికాలానికి ఇంత సేపేం కొడతావురా, పనీపాటా లేదా?" అని ఈ గుమ్మంలో నిలబడి తిట్టాను నేను. వాడు నవ్వి, పెద్ద కట్టెలు తెచ్చి ముందు రెండు వరుసల్లో పేర్చాడు. మేం చూడకూడదని. ఏప్రిల్లో పోయాడు.

వాడికి తెలుసు. నాకు చెప్పలేదు, పెళ్ళానికీ చెప్పలేదు. చెప్పకుండా ఎండాకాలమంతా ఒంటి చేత్తో ఎత్తుకోగలిగేలా చీల్చి పెట్టి పోయాడు.

ఒర్ఫెలినా ఎడం చెయ్యి చాచింది. ఒక కట్టె తీసుకుంది. మణికట్టు వణకలేదు. ఇంకోటి తీసుకుంది. నేను కొట్టం గుమ్మంలో కూలబడి, సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను.

తర్వాత ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. గాలి కంత బార్లా తీసి ఉంది. పొగ లేదు, సుయ్‌మనడం లేదు, ఉల్మో నిదానంగా, స్వచ్ఛంగా మండుతోంది. ఒర్ఫెలినా దగ్గలేదు.

"మూడేళ్ళొస్తాయేమో కదా వదినా," అంది మంటని చూస్తూ. "ఏడాదిన్నర ఇవి నా వెనకే ఉన్నాయి. నేను చూడనే లేదు."

నాకు చలేం లేదు. చెమటలు పడుతున్నాయి కూడా.

"ఇంకోటి వెయ్యవే," అన్నాను. "చలిగా ఉంది."

అది ఎడం చేత్తో వేసింది.