నాలో లోపమేమీ లేదు

నేను ఒక మైకుని. ఢిల్లీలో ఓ ఇరుకు సందులో తయారై, శ్రీకాకుళం తీరంలో గురువులు అనే అతను నడిపే టెంటు హౌసుకి చేరాను. పెళ్లిళ్లలో జనాన్ని భోజనాలకు పిలిచాను, జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివాను. ఏనాడూ నా గొంతు బొంగురుపోలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మీద పడ్డ నింద వింటే మీకూ ఒళ్లు మండుతుంది.

మందుల కంపెనీ ఒకటి తన మురుగునీరు సముద్రంలోకి వదలడానికి గొట్టం వేస్తానంది. దానిమీద ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, నేను, అన్నీ కంపెనీ ఖర్చే. నా స్విచ్ దగ్గర కూర్చున్నదీ కంపెనీ మనిషే. అభిప్రాయం అడిగి, స్విచ్ తమ దగ్గరే పెట్టుకోవడం మనుషులకే చెల్లింది.

మేనేజరు సుధాంశు గారు బడికి రంగులేయించామని, మొక్కలు నాటామని, అదంతా సామాజిక బాధ్యతని అరగంట చెప్పారు. ఓపిగ్గా మోశాను. తర్వాత చేపలమ్మే గరికిన పోలమ్మ నన్ను అందుకుంది.

"బాబూ, బడికి రంగులెయ్యమని మావు అడిగినామేటి? ఆ గొట్టం మూతి ఎక్కడెడతారో అక్కడే మా వలలు. సేప సచ్చిపోతే మా పిల్లలేటి తిని బతకాల? ముందు అది సెప్పండి."

టక్కున నా ప్రాణం పోయింది.

"మైకు పాడైందమ్మా, కూర్చోండి" అన్నాడు స్విచ్ దగ్గరివాడు, ముఖం ఎంతో జాలిగా పెట్టి. పాపిష్టివాడు. ఆమె కూర్చోలేదు. అరిచి అరిచి ఏడ్చేసింది. సభంతా విన్నది. కానీ సభని రికార్డు చేస్తున్న వీడియో కెమెరాకి మాట అందేది నా తీగలోంచే. అందులో ఆమె పెదాలు మాత్రం కదిలాయి.

నెల తిరక్కుండా ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. నన్ను పట్టుకుని నోరు తెరిచిన పోలమ్మ బొమ్మ, కింద 'గొట్టానికి ఊరి మహిళల హర్షం' అన్న అక్షరాలు. గురువులు దాన్ని పోలమ్మకి చదివి వినిపించాడు.

"నాను ఏడుస్తుంటే తీసిన పోటోరా అది, గురువులూ" అంది పోలమ్మ.

అతను తలొంచుకున్నాడు. కంపెనీ సభలన్నిటికీ సామాను అతనిదే మరి. మైకు బాగానే ఉందంటే ఆ బేరం పోతుంది. ఆ సాయంత్రమే, పాడైందంటూ నన్ను తెచ్చి పాత ఇనప సామాన్ల గుట్టలో పడేశాడు.

గొట్టాలు మోసుకెళ్లే లారీల చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. పోలమ్మ అడిగిన మాటకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాలో లోపమేమీ లేదండీ. ఎవరైనా ఒక్కసారి స్విచ్ వేసి చూడండి.